తూము ఎంత తీయాలి? సొంత సర్వర్‌ని థ్రెడ్స్, బ్లూస్కైలతో కలపడం గురించి

నేను నడిపే చిన్న మాస్టోడాన్ సోషల్ మీడియా సర్వర్‌లో ఒక రిటైర్డ్ తెలుగు సారు ఉన్నారు. రోజూ పొద్దున్నే పానగల్లు దగ్గర ఉదయసముద్రం కట్ట మీద నడిచి వచ్చి, ఆ రోజు నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో, ఏ పిట్టలు దిగాయో నాలుగు ముక్కలు రాస్తారు. ఒకరోజు ఫోన్ చేసి, "మా బిడ్డ డాలస్‌ల ఉంటది. థ్రెడ్స్‌ల ఏందేందో రాస్తదంట. నేను ఈడికెల్లే చదవొచ్చా? నేను రాసింది ఆమెకు కనిపిస్తదా?" అని అడిగారు. థ్రెడ్స్ అంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా వాళ్ళ యాప్. "కనిపిస్తది సార్" అనేసి పెట్టేశాను. నిజానికి అప్పటికి నేను ఆ సంగతి సరిగ్గా చూడనే లేదు. అన్న మాట నిలబెట్టుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో తెలుసుకున్నదీ, తర్వాత దెబ్బలు తిని నేర్చుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఇది చిన్న సర్వర్ నడిపేవాళ్ళ కోసం. ఇరవై మందో, రెండు వందల మందో ఉండి, అడ్మిన్ కూడా అందులో రోజూ రాసుకునే మనిషే అయినచోట పనికొస్తుంది. అంతకంటే పెద్దదైతే మీకు కావాల్సింది నా సలహా కాదు, వకీలు సలహా.

ముందు రెండు ముక్కల్లో నేపథ్యం. మాస్టోడాన్ 2016లో జర్మనీలో ఓయిగెన్ రోచ్కో మొదలుపెట్టిన, ట్విట్టర్ లాగా పోస్టులు రాసుకునే ఫ్రీ సాఫ్ట్‌వేర్. ఎవరైనా సొంత సర్వర్ మీద పెట్టుకోవచ్చు. అలాంటి సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి పేరు యాక్టివిటీపబ్, దాన్ని 2018 జనవరిలో వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణంగా ఒప్పుకుంది. ఈ సర్వర్లన్నిటినీ కలిపి ఫెడివర్స్ అంటారు. మన దగ్గర చాలామందికి ఈ పేర్లు తెలిసింది 2019 నవంబర్‌లో. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాని ట్విట్టర్ ఆపేసినప్పుడు కోపంతో చాలామంది ఇటు వచ్చారు. నేనూ ఆ గుంపులోనే వచ్చాను. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నెల తిరగకుండానే వెనక్కి పోయారు, అది వేరే కథ.

ఊరి చెరువు తెలిసినవాళ్ళకి ఈ వ్యవహారం అర్థం కావడం తేలిక. మన సర్వర్ ఒక చెరువు. పక్క ఊరి చెరువుతో కాలువ ఉంది, అటు నీళ్ళు ఇటు, ఇటువి అటు. ఇప్పుడు సాగర్ కాలువ లాంటి పెద్దది మన కట్ట పక్కనుంచి పోతోంది. తూము తీయాలా, ఎంత తీయాలి, ఎవరు తీయాలి అన్నదే ప్రశ్న. అడ్మిన్ అంటే తూము తీసి మూసే నీరటి. జీతం లేని నీరటి.

ఎవరితో కలవొచ్చు, ఎవరితో కుదరదు

చాలామంది కొత్త అడ్మిన్లు "పెద్ద వాటితో కలుపుదాం" అంటారు గానీ, పెద్దవాటిలో కలిసేవి తక్కువ. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఎక్స్ ఏవీ యాక్టివిటీపబ్‌లో లేవు. ట్విట్టర్ ఉన్న రోజుల్లో మన పోస్టుని అక్కడ కూడా వేసే చిన్న చిన్న సాధనాలు ఉండేవి. 2023లో వాళ్ళు బయటి సాధనాలకి ఉచితంగా ఇచ్చే దారిని (ఏపీఐ) తీసేయడంతో అవి చాలావరకు మూతపడ్డాయి. కాబట్టి అటువైపు ఆశ వదిలేయండి. మిగిలింది మెటా వాళ్ళ థ్రెడ్స్, అది సగం తెరిచిన తలుపు. తర్వాత ట్విట్టర్ లాంటిదే అయిన బ్లూస్కై, అది వేరే పద్ధతిలో నడుస్తుంది, మధ్యలో వంతెన కావాలి. ఇంకా వర్డ్‌ప్రెస్ సైట్లు, ఫ్లిప్‌బోర్డ్ లాంటివి ఉన్నాయి, వాటితో పెద్ద తగాదా ఏమీ లేదు.

తగాదా అంతా థ్రెడ్స్ దగ్గరే, కాబట్టి దాని మీదే ఎక్కువ చెబుతాను.

థ్రెడ్స్ 2023 జూలైలో మొదలైంది. ఐదు రోజుల్లో పది కోట్ల మంది చేరారని అప్పట్లో అన్ని పేపర్లలో వచ్చింది. అది ఫెడివర్స్‌తో కలుస్తుందని తెలియగానే ఫెడిప్యాక్ట్ పేరుతో వందల సర్వర్ల అడ్మిన్లు "మేం మెటాని బ్లాక్ చేస్తాం" అని సంతకాలు పెట్టారు. రోచ్కో మాత్రం రానివ్వండి, మనకే మంచిది అన్నాడు. ఈ గొడవ జరుగుతుండగానే కలయిక మెల్లగా, ఒక్కో మెట్టుగా వచ్చింది. 2024 మార్చిలో అమెరికా, కెనడా, జపాన్‌లలో 18 ఏళ్ళు నిండి, ప్రొఫైల్ పబ్లిక్‌గా ఉన్నవాళ్ళు కోరుకుంటే వాళ్ళ పోస్టులు బయటి సర్వర్లకి పంపే వీలు కల్పించారు. జూన్‌లో వందకు పైగా దేశాలకి విస్తరించారు, తమ పోస్టులకి వచ్చే బయటి జవాబులు కూడా వాళ్ళకి కనిపించడం మొదలైంది. ఆగస్టులో ఇతరుల పోస్టుల కింద ఉన్న బయటి జవాబులు కూడా కనిపించాయి. డిసెంబర్‌లో బయటి ఖాతాలని ఫాలో చేసే వీలు, పరిమితులతో, వచ్చింది. 2025 జూన్‌లో ఫెడివర్స్ పోస్టుల కోసం థ్రెడ్స్ లోపల విడిగా ఒక ఫీడ్ పెట్టారు.

ఈ తేదీలన్నీ ఎందుకు చెప్పానంటే, ఇందులో రెండు సంగతులు దాగి ఉన్నాయి. ఒకటి, థ్రెడ్స్ మనిషి తన సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఫెడివర్స్ షేరింగ్ ఆన్ చేసుకుంటేనే మనకి కనిపిస్తాడు. చేసుకోకపోతే మీరు తూము ఎంత తీసినా చుక్క రాదు. రెండోది, మన పోస్టులు అక్కడి మామూలు ఫీడ్‌లో కలవవు, వేరే గదిలో కూర్చుంటాయి. "థ్రెడ్స్‌తో కలిపితే మన పోస్టులు లక్షల మందికి పోతాయి" అని ఎవరైనా అంటే నమ్మకండి. లక్షల సంగతి పక్కన పెట్టండి, సారు రాసింది సొంత బిడ్డకి చేరడానికే ఆమె మూడు చోట్ల నొక్కాల్సి వచ్చింది.

అందుకే నిర్ణయం తీసుకునే ముందు ఒక చిన్న పని చేయండి. మీ సభ్యులని అడిగి, థ్రెడ్స్‌లో వాళ్ళకి కావలసిన మనుషుల పేర్లు ఒక కాగితం మీద రాయించండి. ఒక్కో పేరుకీ వెనక థ్రెడ్స్ డాట్ నెట్ చేర్చి మీ సర్వర్ సెర్చ్‌లో కొట్టి చూడండి. మా దగ్గర నలభై ఒక్క పేర్లు వచ్చాయి. సెర్చ్‌లో దొరికినవి ఆరు. ఆరుగురి కోసం జరిగే గొడవకి అరవై లక్షల మంది కోసం అన్నట్టు వాదించుకున్నాం మేము.

నాలుగు దార్లు

మాస్టోడాన్ అడ్మిన్ పేజీలో అవతలి సర్వర్ చిరునామా (డొమైన్) కొట్టి ఏం చేయాలో ఎంచుకోవచ్చు. వేరే సాఫ్ట్‌వేర్ వాడితే ఈ మెట్ల పేర్లు మారతాయి, కొన్నిట్లో కొన్ని మెట్లు ఉండవు కూడా.

మొదటిది, ఏమీ చేయకపోవడం. అంటే పూర్తిగా తెరిచి ఉన్నట్టే. మీ వాళ్ళు ఫాలో చేసిన థ్రెడ్స్ ఖాతాల పోస్టులు అందరికీ కనిపించే టైమ్‌లైన్‌లోకి కూడా వస్తాయి. ఇద్దరు ముగ్గురు సినిమా పేజీలనో, క్రికెట్ పేజీలనో ఫాలో చేస్తే చాలు, ఆ టైమ్‌లైన్‌లో మీ ఊరి మాట వెతుక్కోవాల్సి వస్తుంది. మా దగ్గర వారం రోజులు అలా ఉంచి చూశాం. ఆ వారం సారు రాసిన నీటి మట్టం పోస్టు పైన ఒక హీరో పుట్టినరోజు, కింద ఇంకో హీరో ఫ్లెక్సీ.

రెండోది లిమిట్. నేను ఎక్కువగా చెప్పదలుచుకున్నది దీని గురించే. లిమిట్ పెడితే అవతలి పోస్టులు ఉమ్మడి టైమ్‌లైన్లలోకి రావు, ఫాలో చేసినవాళ్ళకి మాత్రం మామూలుగానే వస్తాయి. అటునుంచి మనవాళ్ళని ఎవరైనా ఫాలో చేస్తే నేరుగా జరగదు, ఫాలో రిక్వెస్ట్‌గా వస్తుంది, మనవాడు ఒప్పుకోవాలి. మీరు ఫాలో చేయని వాళ్ళ నుంచి వచ్చే జవాబులు నేరుగా నోటిఫికేషన్లలోకి రాకుండా పక్కకి పోతాయి. అంటే తూము మూసి లేదు, కానీ ఎవరి పొలానికి వాళ్ళే గండి పెట్టుకోవాలి.

దీనికి రెండు ఇబ్బందులు ఉన్నాయి. లిమిట్ పెట్టిన రోజు సాయంత్రం సారు నుంచి ఫోన్. గొంతులో కోపం. "ఏందయ్యా, నా బిడ్డ ఖాతాను దాచిపెట్టినవంట? ఏం తప్పు చేసిందామె?" ఏంటా అని చూస్తే, లిమిట్‌లో ఉన్న సర్వర్ ప్రొఫైల్ తెరవగానే ఈ ప్రొఫైల్‌ని మీ సర్వర్ మోడరేటర్లు దాచారు అని ఒక అట్ట అడ్డం వస్తుంది. కింద, అయినా చూపించు అని ఒక బటన్ ఉంటుంది. సారు బటన్ దాకా చదవలేదు, దాచారు అన్న మాట దగ్గరే ఆగిపోయారు. తండ్రి కదా, ఆగిపోరా మరి. ఆరోజు రాత్రి నేను అందరికీ స్క్రీన్‌షాట్ పెట్టి, అది మనిషి మీద నింద కాదనీ, ఆ సర్వర్ మొత్తానికి పెట్టిన మాట అనీ వివరంగా రాయాల్సి వచ్చింది. మీరు లిమిట్ పెట్టేముందే ఆ పోస్టు రాయండి. పెట్టాక రాస్తే సంజాయిషీలా ఉంటుంది.

రెండో ఇబ్బంది దానికంటే పెద్దది. మర్రిగూడ వైపు బత్తాయి తోట ఉన్న తమ్ముడొకతను, కాయ పిందె దశలోనే రాలిపోతోందని ఫోటోతో సహా పెట్టాడు. మేము అప్పటికే లిమిట్‌లో పెట్టిన ఇంకో పెద్ద సర్వర్ నుంచి ఉద్యాన శాఖలో పనిచేసిన ఒకాయన వివరంగా జవాబు రాశాడు. తమ్ముడు ఆయన్ని ఫాలో చేయడం లేదు కాబట్టి ఆ జవాబు ఫిల్టర్‌లో మూడు రోజులు పడి ఉంది. చూసేటప్పటికి మందు కొట్టడం అయిపోయింది. నష్టమేమీ జరగలేదు గానీ, ఆ తర్వాత నుంచి వారానికి రెండుసార్లు ఫిల్టర్ అయిన నోటిఫికేషన్లు చూసుకోమని అందరికీ చెబుతున్నాను. సగం మంది చూడరు. అది కూడా తెలిసే లిమిట్ పెట్టుకోవాలి.

మూడోది సస్పెండ్, మామూలుగా బ్లాక్ అంటాం. అటు ఇటు ఏదీ పోదు, రాదు. దీంట్లో చాలామంది అడ్మిన్లు కోపంలో చేసే తప్పు ఒకటుంది. సస్పెండ్ చేయగానే రెండు వైపులా ఉన్న ఫాలో సంబంధాలన్నీ తెగిపోతాయి. రేపు మనసు మారి బ్లాక్ తీసినా అవి తిరిగి అతుక్కోవు, ఎవరికి వాళ్ళు మళ్ళీ ఫాలో చేసుకోవాలి. 4.3 వెర్షన్ నుంచి మాస్టోడాన్ ఏయే సంబంధాలు తెగాయో సభ్యులకి ఒక నోటీసు ఇస్తుంది, జాబితా కూడా దించుకోవచ్చు. అంతకుముందు అదీ లేదు. లిమిట్‌ని ఈరోజు పెట్టి రేపు తీసేయొచ్చు, ఎవరి బంధం తెగదు. నేను లిమిట్ వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదొక్కటే. మెటా మంచిదనీ కాదు, చెడ్డదనీ కాదు. తప్పు చేస్తే వెనక్కి రాగలిగే దారి ముందు పట్టాలి, రాలేని దారి తర్వాత చూసుకోవచ్చు.

బ్లాక్ చేసేవాళ్ళకి ఒక చిన్న మాట. థ్రెడ్స్ వెబ్‌సైట్ 2025లో డాట్ నెట్ నుంచి డాట్ కామ్‌కి మారింది. మీ జాబితాలో రెండు పేర్లూ రాసుకోండి. అలాగే, బ్లాక్ చేసినంత మాత్రాన మీ పబ్లిక్ పోస్టులు ఎవరూ తీసుకోలేరని కాదు. ఆథరైజ్డ్ ఫెచ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే, పోస్టు అడిగే ప్రతి సర్వర్ తన సంతకం చూపించాలి, బ్లాక్ చేసిన సర్వర్ సంతకం చెల్లదు. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లతో దీనివల్ల తంటాలు వస్తాయి. దీన్ని దాటి మామూలు బ్రౌజర్‌లో తెరిచి చదివేవాళ్ళని ఎవరూ ఆపలేరు. పబ్లిక్ అంటే పబ్లిక్కే.

నాలుగోది, మనం అనుమతించిన సర్వర్లతో తప్ప ఎవరితోనూ కలవకపోవడం. దీన్ని సర్వర్ పెట్టేటప్పుడే ఎంచుకుంటే మంచిది, నడుస్తున్న సర్వర్‌ని మధ్యలో మారిస్తే చిక్కు. బడిపిల్లల కోసం సర్వర్ పెట్టే సార్లు నన్ను అడిగితే ఇదొక్కటే చెబుతాను. ఇంకో ఆలోచన వద్దు.

మింగేస్తారన్న భయం

మా దగ్గర ఒక అన్న ఉన్నాడు, మిర్యాలగూడలో కంప్యూటర్ సెంటర్ నడిపి నడిపి విసిగినవాడు. లిమిట్ కూడా వద్దు, పూర్తిగా మూసేయాలి అని పట్టుబట్టాడు. ఆయన చెప్పింది కొట్టిపారేసేది కాదు. గూగుల్ టాక్ 2005లో వచ్చింది. ఎక్స్‌ఎంపీపీ అనే అందరికీ చెందిన పద్ధతి మీద నడిచేది. 2006లో బయటి సర్వర్లతో కూడా కలిసింది. సొంత చాట్ సర్వర్లు నడిపేవాళ్ళు సంబరపడ్డారు, గూగుల్‌లో ఉన్న స్నేహితులతో ఇక్కడినుంచే మాట్లాడొచ్చని. 2013లో గూగుల్ హ్యాంగవుట్స్ తెచ్చి, కొత్తదాంట్లో బయటి సర్వర్లకి దారి లేకుండా చేసింది. చిన్న సర్వర్ల వాళ్ళకి ఒక్కసారిగా సగం మంది మాయమైనట్టు అయింది. "రేపు వీళ్ళూ గంతే చేస్తరు" అన్నాడు అన్న.

చేయొచ్చు. చేయరని నేను అనను. కానీ ఆ కథని నేను ఇంకోలా చదువుతాను. అక్కడ దెబ్బ తగిలింది కలవడం వల్ల కాదు. కలిశాక "రెండు చోట్లా ఎందుకు, గూగుల్ ఖాతా ఒక్కటి చాలు" అని మనుషులు తమ చిరునామానే అక్కడికి మార్చుకోవడం వల్ల. పెద్ద కాలువ ఎండిపోయిన రోజు చెరువులో నీళ్ళుంటే ఊరు బతుకుతుంది. మన చెరువు పూడిక తీయకుండా కాలువ మీదే ఆధారపడితే పంట పోతుంది. ఇదేమీ కొత్త విషయం కాదు, నల్లగొండ జిల్లాలో ఎవర్ని అడిగినా చెబుతారు.

కాబట్టి కలపాలా వద్దా అన్నదానికంటే, మన వాళ్ళు ఇక్కడే రాస్తున్నారా అన్నది చూసుకోండి. మా లెక్క ఒకటే: నెలకొకసారి చూస్తాను, పోయిన నెల ఎంతమంది రాశారు, ఈ నెల ఎంతమంది. థ్రెడ్స్ వల్ల ఆ అంకె తగ్గుతున్నట్టు కనిపిస్తే అన్న మాటే వింటాను. ఇప్పటిదాకా తగ్గలేదు. వరి నాట్లప్పుడు తగ్గింది, అది ఏటా తగ్గుతుంది.

మన మాట ఎంతదాకా పోతుంది

ఇక్కడ మాత్రం నేను మెల్లగా, జాగ్రత్తగా చెబుతాను.

మన పోస్టు ఏ సర్వర్‌లో ఫాలోవర్ ఉంటే ఆ సర్వర్‌కి ఒక కాపీ పోతుంది. థ్రెడ్స్ ఒక్కటే కాదు, ఏ సర్వర్ అయినా అంతే. తర్వాత మనం డిలీట్ కొడితే, మన సర్వర్ అన్ని చోట్లకీ తీసేయమని కబురు పంపుతుంది. తీసేయడం తీసేయకపోవడం అవతలివాళ్ళ ఇష్టం. ఇక మెటా తన ప్రైవసీ పాలసీలో, బయటి సర్వర్ల నుంచి థ్రెడ్స్‌తో కలిసేవాళ్ళ పేరు, ప్రొఫైల్ ఫోటో, పోస్టులు లాంటి వివరాలు సేకరిస్తామని రాసుకుంది. దాచిందేమీ లేదు, మనమే చదవం.

మా సర్వర్‌లో ఒక చెల్లె ఉంది. ఇంట్లోవాళ్ళకి తెలియకుండా కలం పేరుతో కవితలు రాస్తుంది. ఇంట్లోవాళ్ళంతా ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్నారు. ఆమెకి నేను లిమిట్ సరిపోతుందని చెప్పలేదు. తన ఖాతా సెట్టింగ్స్‌లోనే ఆ డొమైన్‌ని మొత్తంగా బ్లాక్ చేసుకోమన్నాను. అలా చేసుకుంటే అక్కడి పోస్టులు తనకి కనిపించవు, అక్కడినుంచి ఫాలో చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఊడిపోతారు. ఫోటో కూడా మార్చమన్నాను. అదే ఫోటో ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా ఉంటే ఎన్ని తాళాలు వేసి ఏం లాభం.

అంటే అడ్మిన్ ఒక మెట్టు పెడతాడు, ఎవరికి ఇంకా గట్టిగా కావాలంటే వాళ్ళు తమ గడపకి వేసుకుంటారు. సర్వర్ మొత్తం బ్లాక్ చేస్తే సారుకి బిడ్డ దూరం, పూర్తిగా తెరిస్తే చెల్లెకి టెన్షన్. ఇద్దరూ ఒకే సర్వర్‌లో ఉండాలంటే నాకు ఇంతకంటే దారి దొరకలేదు.

నీరటి పని

పెద్ద సర్వర్‌తో కలిస్తే చెత్త కూడా వస్తుంది. అక్కడ మోడరేషన్ ఉంది కదా అనుకోవద్దు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, కులం పేరు పెట్టి తిట్టేవాడిని పట్టుకోవడం యంత్రాలకి కష్టం. పైగా 2025 జనవరిలో మెటా అమెరికాలో బయటి సంస్థలతో చేయించే ఫ్యాక్ట్ చెక్ ఆపేస్తామని చెప్పి, ద్వేషపు మాటల మీద నియమాలు సడలించింది. కొంతమంది అడ్మిన్లు లిమిట్ నుంచి బ్లాక్‌కి మారడానికి అది కారణమైంది. వాళ్ళని తప్పుబట్టలేం. ఎలక్షన్ల నెలలో నేనూ ఒకసారి వేలు బ్లాక్ బటన్ మీద పెట్టి తీశాను.

మీ దగ్గర రిపోర్టులు చూసేవాళ్ళు ఎంతమంది? ఒక్కరే అయితే, ఆ ఒక్కరికి పగలు ఉద్యోగం ఉంటే, పూర్తిగా తెరవకండి. ఇద్దరు ముగ్గురు ఉండి, అందులో ఒకరైనా ఆడవాళ్ళుంటే కొంచెం ధైర్యం చేయొచ్చు. ఆడవాళ్ళకి వచ్చే మెసేజ్ ఏది తేడాగా ఉందో మగ మోడరేటర్‌కి చాలాసార్లు అర్థం కాదు, నాకు కాలేదు. ఇంకొకటి, 2021 ఐటీ రూల్స్‌లో పెద్ద సంస్థ అనే లెక్క 50 లక్షల మంది దాటితేనే గానీ, ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, చిరునామా పెట్టడం చిన్నవాళ్ళకి కూడా ఉంది. మా సర్వర్‌లో ఆ అధికారి నేనే. మా ఆవిడ ఈ మాట విన్నప్పుడల్లా నవ్వుతుంది.

ఖర్చు గురించి ఎవరూ ముందు చెప్పరు. సద్దుల బతుకమ్మ రోజు రాత్రి ఎనిమిదిన్నరకి మా సర్వర్ ఆగిపోయింది. అందరూ బతుకమ్మ ఫోటోలు పెట్టే సమయం. మా వాళ్ళ ఫోటోల వల్లే నిండిందనుకుని ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే, మా ఫోటోలు మొత్తం రెండు జీబీ కూడా లేవు. డిస్కుని నింపింది బయటివి. మా వాళ్ళు ఫాలో చేసే పెద్ద వార్తల ఖాతాలు, సినిమా ఖాతాల బొమ్మలు, వీడియోలు అన్నీ మన సర్వర్ ఒక కాపీ దాచుకుంటుంది. డిస్కు నిండగానే డేటాబేస్ రాయడం ఆపేసింది. చెరువు కట్ట దగ్గర ఆడవాళ్ళ పాటలు వినిపిస్తూనే ఉన్నాయి, నేను గదిలో కూర్చుని పాత కాపీలు తుడుస్తున్నాను. తెల్లారి అడ్మిన్ సెట్టింగ్స్‌లో బయటి మీడియాని ఏడు రోజులకి మించి దాచొద్దు అని పెట్టాను. మీరు ఏ పెద్దదానితో కలిసినా, కలిసే రోజే ఈ పని చేయండి. బతుకమ్మ దాకా ఆగొద్దు.

బ్లూస్కై సంగతి

ఇది త్వరగా అయిపోతుంది. బ్లూస్కై 2024 ఫిబ్రవరిలో ఆహ్వానం లేకుండా అందరికీ తెరిచారు. అది యాక్టివిటీపబ్ కాదు, ఏటీ ప్రోటోకాల్ అనే వేరే పద్ధతి. మధ్యలో బ్రిడ్జీ ఫెడ్ అనే వంతెన ఉంది, ర్యాన్ బారెట్ తయారుచేశాడు. మొదట ఎవరూ అడగకపోయినా అందరి పోస్టులూ అటు తీసుకెళ్ళేలా పెడతానంటే 2024 ఫిబ్రవరిలో ఫెడివర్స్‌లో పెద్ద రచ్చ అయింది. అప్పుడు మనసు మార్చుకుని, కోరుకున్నవాళ్ళకి మాత్రమే అన్నాడు. మాస్టోడాన్‌లో ఆ వంతెన ఖాతాని ఫాలో చేస్తే మీ ఖాతాకి అటు ఒక ప్రతిబింబం తయారవుతుంది, వద్దనుకుంటే దాన్ని బ్లాక్ చేస్తే చాలు.

కాబట్టి ఇక్కడ అడ్మిన్ నిర్ణయించాల్సింది పెద్దగా లేదు. ఎవరికి కావాలంటే వాళ్ళు చేసుకుంటారు. నా మాట ఏంటంటే, అడ్మిన్ ఆ వంతెనని బ్లాక్ చేయకుండా ఉంటే చాలు, ప్రచారం కూడా చేయొద్దు. వంతెన ఒకరోజు ఆగిపోయిందని సభ్యులు మిమ్మల్ని తిడతారు, మీ చేతిలో లేనిదానికి.

అసలు కలపాల్సిన పనే లేనివాళ్ళు

పుట్టపాక నుంచి ఒక నేత కుటుంబపు కుర్రాడు మా సర్వర్‌లో చేరి, థ్రెడ్స్‌తో కలిపితే తేలియా రుమాలుకి గిరాకీ వస్తుందా అని అడిగాడు. రాదు అన్నాను. చీర కొనేవాళ్ళు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి వాట్సాప్‌లో అడుగుతారు. ఆ పని అక్కడే చేసుకో, ఇక్కడ నూలుకి రంగు ఎక్కించేటప్పుడు ఏం జరుగుతుందో రాయి అన్నాను. రాస్తున్నాడు, బాగా రాస్తున్నాడు. గద్వాల, నారాయణపేట చీరలవాళ్ళు అడిగినా నాది ఇదే జవాబు.

ఒక గ్రంథాలయమో, పాత విద్యార్థుల సంఘమో కేవలం ప్రకటనలు పెట్టుకోవాలనుకుంటే, సర్వర్ నడపాల్సిన అవసరమే లేదు. వర్డ్‌ప్రెస్ సైట్‌కి యాక్టివిటీపబ్ ప్లగిన్ వేస్తే, ఆ సైట్‌నే బయటివాళ్ళు ఫాలో చేయొచ్చు. రిపోర్టుల గొడవ చాలా తగ్గుతుంది.

ఒక్కరే సొంతంగా సర్వర్ పెట్టుకున్నవాళ్ళు, పూర్తిగా తెరుచుకున్నా పెద్దగా పోయేదేమీ లేదు. టైమ్‌లైన్ మీది, ఖర్చు మీది, తిట్లు పడేదీ మీరే.

పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకి వలస పోయినవాళ్ళ పిల్లలు కలిసి ఒక సర్వర్ పెడదామని ఒకసారి మా దగ్గరికి వచ్చారు. వాళ్ళకి మాత్రం నేను వేరే మాట చెప్పాను. మీ వాళ్ళు చెల్లాచెదురుగా ఉన్నారు, ఎవరు ఏ యాప్‌లో ఉన్నారో తెలియదు, కాబట్టి లిమిట్ కూడా వద్దు, తెరిచే ఉంచండి, మోడరేటర్లని మాత్రం ముగ్గురిని పెట్టుకోండి అన్నాను. దూరంగా ఉన్న మనిషి దొరకడమే ముఖ్యమైనచోట కాస్త చెత్త భరించవచ్చు.

మేము చేసింది

మా సర్వర్‌లో చివరికి ఓటు పెట్టాం. వారం రోజులు చర్చ, మూడు రోజులు ఓటు. లిమిట్ గెలిచింది, బ్లాక్ రెండో స్థానం. మిర్యాలగూడ అన్న ఓడిపోయాక కూడా సర్వర్ వదల్లేదు, తన ఖాతాకి మాత్రం డొమైన్ బ్లాక్ పెట్టుకున్నాడు. ఆరు నెలలకొకసారి మళ్ళీ అడుగుతామని రాసిపెట్టాం.

సారు బిడ్డ సెట్టింగ్ ఆన్ చేసుకోవడానికి మూడు ఫోన్ కాల్స్ పట్టాయి. మొదటిసారి "బాపూ, అదేడుంటదో నాకు దొర్కలే" అంది. రెండోసారి ఆమె ప్రొఫైల్ ప్రైవేటుగా ఉందని తెలిసింది. మూడోసారికి అయింది. సారు ఆమెని ఫాలో చేశారు. రెండు రోజుల తర్వాత రాత్రి పదకొండింటికి నాకు మెసేజ్, ఒక స్క్రీన్‌షాట్‌తో. ఎవరో మిమ్మల్ని ఫాలో చేయాలనుకుంటున్నారు అని ఉంది, కింద పేరు, పక్కన ఆమె కొడుకుని ఎత్తుకున్న ఫోటో.

"మా బిడ్డే గదా," అని రాశారు సారు. "ఒప్పుకుంటే ఏం కాదు గదా?"